మూలబల్లవాళ్లను వెంటబెట్టుకొని ఎల్లారెడ్డికి

ఎల్లారెడ్డికి ఎన్నడూ పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా ఊరు రామారెడ్డిలో అట్లాంటివాళ్లు వేలల్లో ఉన్నారు. ఈ ప్రయాణంలో నేను కొండలెక్కాను, సముద్రం దాటాను, భాష తెలియని జనం మధ్య ఆకలితో కూర్చున్నాను.

ఆగండి. కొండ అంటే బస్సు మెట్లు. నా మోకాళ్లకు అవి కొండే. సముద్రం అంటే లింగంపేట దగ్గరి వాగు. ఆ రోజు దాంట్లో మేక కాళ్లు తడిసేటన్ని నీళ్లున్నాయి. భాష తెలియని జనం అన్నది శుద్ధ అబద్ధం, వాళ్లదీ మనదీ ఒకటే భాష. ఆకలి మాత్రం నిజం.

నేను ఉద్యోగమంతా ఉత్తరాలు పంచినవాణ్ని. చదువురానివాళ్లకు రాసిపెట్టేవాణ్ని కూడా. 'బాగున్నాం' అని రాయమంటే 'మహా వైభవంగా ఉన్నాం' అని రాసేవాణ్ని. ఆ చెయ్యి ఇంకా అట్లాగే ఉంది. ఒక మాట పెంచి రాస్తాను, రెండు వాక్యాలు దాటగానే మళ్లీ దించి రాస్తాను. చదివేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి.

బయల్దేరక ముందు

ముందు మూలబల్లవాళ్లెవరో చెప్పాలి. వాళ్లు లేకపోతే ఈ ప్రయాణమే లేదు.

టీవీలో ఆదివారం ఆదివారం 'నింగి సరాయి' అని ఒక సీరియల్ వస్తుంది. ఏదో దేశంలో తీశారు, మనకు తెలుగు మాటలు పెట్టి ఇస్తున్నారు. నక్షత్రాల మధ్య ఒక సరాయి, అంటే బాటసారుల సత్రం, ఉంటుంది. దారిన పోయే ఓడలన్నీ అక్కడ ఆగుతాయి. మూడు కాళ్లవాళ్లు, చెవుల్లోంచి పొగ వదిలి మాట్లాడేవాళ్లు, చేప మొహాలవాళ్లు అందరూ వచ్చి తింటారు, తాగుతారు, తన్నుకుంటారు. అందరి జాతులకూ పేర్లున్నాయి. ఒక్క వెనక మూలబల్ల దగ్గర కూర్చునే జాతికి లేదు. బూడిద రంగు, పొడుగు మెడలు, మనిషికి నాలుగు చేతులు. ముందర ప్లేట్ల నిండా తిండి. ఇన్నేళ్ల సీరియల్లో వాళ్లు తినగా చూసినవాడు లేడు. వాళ్లతో ఎవరూ మాట్లాడరు. చివర పడే పేర్లలో వాళ్ల ఊసుండదు. తీసినవాళ్లు ఇంతవరకూ నోరు విప్పలేదు.

తీసినవాళ్లు చెప్పకపోతే చూసేవాళ్లు ఊరుకుంటారా? నా మనవరాలు లహరి ఉన్న ఫోన్ గ్రూపులో ఏడాదిగా ఇదే రచ్చ. ఆ గ్రూపు పేరు 'సరాయి దోస్తులు'. నేనూ ఉన్నాను. వాళ్లు గూఢచారులని ఒకడంటాడు, అసలు ప్రాణమే లేని బొమ్మలని ఇంకొకడు. నా సిద్ధాంతం వేరు. మన దిక్కున సంబంధం ఖాయమయ్యేదాకా ఆడపిల్ల తరపువాళ్లు మగపిల్లవాడి ఇంట్లో ఏదీ నోట పెట్టరు కదా. వీళ్లు కూడా పిల్ల తరపువాళ్లే, పిల్లవాడు ఇంకా రాలేదు, అందుకే ఎదురుచూస్తున్నారు అని రాశాను. గ్రూపంతా చప్పట్లతో మారుమోగింది.

మూడు చప్పట్లు పడ్డాయి. అందులో ఒకటి నాదే.

లహరి కామారెడ్డిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. కళ్లతో చూడనిది నమ్మదు. మూలబల్లవాళ్లకు నోరు లేదు, వెలుగునే తిని బతుకుతారు, ప్లేట్లు మర్యాద కోసం పెట్టుకున్నవి అని ఆమె మాట. ఆమెకు ఎదురు నిలబడ్డవాడు ఎల్లారెడ్డి నరేశ్. ఫోన్లు, టీవీలు బాగుచేసే షాపు నడుపుతాడు. వాళ్లు తింటారు, కెమెరా పక్కకు తిరిగినప్పుడు తింటారు అని వాడి వాదం. ఏడాది పాటు ఇద్దరూ గ్రూపులో జుట్లు పట్టుకున్నంత పని చేశారు. ఆ కొట్లాట ఎక్కడ మలుపు తిరిగిందో నాకు తెలియదు గాని, ఆషాఢం పోగానే నరేశ్ తల్లి మా ఇంటికి సంబంధం అడగడానికి మనిషిని పంపింది.

లహరి ఔననలేదు, కాదనలేదు.

"మంచోడే తాతా," అన్నది. "కని ఏడాది సంది ఒక్కనాడన్న 'నాది తప్పు' అన్లే. గ్రూపుల గెలిచేటోనితోని గ్రూపుల ఉండొచ్చు. ఇంట్ల ఎట్ల ఉండాలె? నేనే పోయి చూస్త."

మా కాలంలో ఇల్లు చూడడానికి పెద్దలు పోయేవాళ్లు, పిల్ల పోయేది కాదు. ఆ మాట అన్నాను. "మీ కాలంల సరాయి గూడ లేకుండె," అన్నది.

నా కొడుక్కు నాట్లు వేసే కూలీలు ఆ ఒక్కరోజే దొరికారు. అందుకని ముగ్గురమే బయల్దేరాం: నేను, లహరి, ఆమె తల్లి అంటే నా కోడలు పద్మ.

కామారెడ్డి

బస్టాండులో పద్మ నన్ను పక్కకు పిలిచింది.

"మామా, ఆడ ఏం ముట్టద్దు. మంచినీళ్లు గూడ వద్దు. నువ్వు పెద్దమనిషివి. నువ్వు నోట్ల ఏసినవంటె ఖాయమైనట్టే. పిల్ల ఇంక ఏం చెప్పలే."

"నేనేమన్న చిన్నపిలగాన్నా?"

"చిన్నపిలగాడైతె చెయ్యి పట్టుకుందును."

ఆ ఉపవాసానికి సిద్ధం కావడానికి ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. రామారెడ్డి ఇడ్లీకీ కామారెడ్డి ఇడ్లీకీ తేడా అడుగుతారేమో: ఇక్కడ ధర ఎక్కువ, చట్నీ పలచన, వడ్డించేవాడికి తొందర. మా ఊళ్లో వడ్డించేవాడు నీ కొడుకు, కోడలు, ఎద్దు క్షేమాలు అడిగాక గాని ప్లేటు కింద పెట్టడు. అప్పటికి ఇడ్లీ చల్లారిపోతుంది, అది వేరే సంగతి.

బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు, సర్కారు ఉచితం. కండక్టర్ మా ముగ్గురినీ చూసి, చెయ్యి నా ఒక్కడి ముందే చాచాడు. నిండు బస్సులో డబ్బులిచ్చి ఎక్కిన రాజును నేనొక్కణ్నే అనిపించింది. వెనక ఇంకా పదిమంది మగవాళ్లున్నారని తర్వాత చూశాను.

లింగంపేట రాకముందు

మా పక్క సీట్లో ఒక ముసలావిడ ఒడిలో తునికాకు కట్ట పెట్టుకొని కూర్చుంది. బీడీలు చుట్టే ఆకు. లహరి ఫోన్లో మూలబల్ల సీను పెట్టి, ఆపి, పెద్దది చేసి చూస్తుంటే ఆవిడ మెడ చాచింది.

"ఎవల్ బిడ్డా వీళ్లు?"

"తెల్వదు అవ్వా. గదే లొల్లి. తింటరా, తినరా అని."

అవ్వ కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది. "పెట్టినోళ్లు పెట్టి పోయిండ్రు. 'తినుండ్రి' అని ఒక్కలన్న అన్నరా?"

"అన్లే."

"మరి ఎట్ల తింటరు? ఇజ్జతున్నోళ్లు పాపం."

కండక్టర్ కూడా వంగి చూశాడు. "అవ్వా, తిండి ముచ్చట కాదది. వీళ్లు ఇంకో బస్సు కోసం కూసున్నరు. ఆ బస్సు క్యాన్సిలైంది. ఎవలూ చెప్పలే."

"చెప్పేది నీ పనే గదా!" అని ముందు సీటులోంచి ఎవరో అరిచారు. బస్సంతా నవ్వులు. అక్కడి నుంచి ప్రయాణికులందరూ రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నారు. డ్రైవర్ బస్సు ఆపి తీర్పు చెప్పాడు.

డ్రైవర్ గేదె అడ్డం వస్తే ఆపాడు. వాదించుకున్నది మా రెండు వరుసలే, మిగతావాళ్లు నిద్రపోతున్నారు.

లహరి అవ్వ మాటను గ్రూపులో పెట్టింది. క్షణంలో నరేశ్ జవాబు వచ్చింది: 'అవ్వ మాట మస్తుంది. కానీ తప్పు.'

లహరి ఫోను నా మొహానికి అడ్డంగా పెట్టింది. "చూసినవా తాతా? బస్సుల ముసల్దాన్ని గూడ ఇడ్సిపెట్టడు."

నాకు దిగులేసింది. పిల్లవాడి ఫొటో చూశాను, మొహం నచ్చింది. ఏడాదిగా వాడి రాతలు చదువుతున్నాను, మాటకు మాట తెలివి ఉంది, ఒక్కనాడూ మర్యాద తప్పలేదు. మా పిల్లతో సమానంగా కొట్లాడగలవాడు జిల్లాలో ఇంకొకడు దొరకడు. ఒక్క 'కానీ తప్పు' దగ్గర ఇదంతా చెడిపోయేట్టుంది.

లింగంపేట

దిగులేస్తే నాకు ఆకలేస్తుంది. బస్సు ఆగగానే దిగి మిర్చి బజ్జీలు కొన్నాను. ఇరవై రూపాయలకు నాలుగు. మా ఊళ్లో ఇరవైకి అయిదిస్తారు గాని అవి నా చిటికెన వేలంత. ఇక్కడివి చూస్తే వంకాయలనుకుంటారు. పద్మ చెప్పిన ఉపవాసం ఎల్లారెడ్డిలో మొదలవుతుంది కాబట్టి ఇక్కడ తినడం తప్పు కాదని తీర్మానించుకున్నాను.

రెండో బజ్జీ నోట్లో ఉండగా బస్సు కదిలింది. నేను లేడిలా పరుగెత్తి, కదిలే బస్సు కడ్డీ పట్టుకొని, ఒక్క ఎగురు ఎగిరాను.

ఒక్క ఎగురూ లేదు. కండక్టర్ విజిలేసి ఆపాడు, పద్మ దిగి వచ్చి నా రెక్క పట్టుకుంది, ఇంకొకాయన వెనక నుంచి తోశాడు. మిగిలిన రెండు బజ్జీలు ఆ తోపులాటలో పోయాయి. అవ్వ తన సంచిలోంచి పల్లీలు తీసి నా చేతిలో పోసి, "తినుండ్రి," అన్నది.

ఎల్లారెడ్డి

ఎల్లారెడ్డి ఎట్లుంటుంది అని అడుగుతారు. రోడ్డుకు ఇరుపక్కలా షాపులు, మందుల దుకాణం ముందు రైతులు, చిన్న కాగితపు కప్పులో చాయ్. మా దగ్గర చాయ్ గ్లాసులో ఇస్తారు, తాగేసరికి ఒక ముచ్చట పూర్తవుతుంది. ఇక్కడి కప్పులో ముచ్చట సగం కాకముందే చాయ్ అయిపోతుంది. ఇంతకు మించి విదేశీ వింతలేమీ కనబడలేదు.

నరేశ్ వాళ్ల ఇంటి ముందు గదే షాపు. గోడ నిండా విప్పిన టీవీలు. లోపల వాళ్లమ్మ సత్తవ్వ బీడీల చేట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మమ్మల్ని చూసి చేట దించి, కాళ్లకు నీళ్లిచ్చింది.

"రాండ్రి బాపు, రా వదినె. పిల్ల గూడ వచ్చిందా? మంచిగైంది. మావోడు మూన్నాళ్ల సంది షాపు తుడుస్తనే ఉన్నడు."

నరేశ్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, చొక్కా ఇస్త్రీ మడతలు కూడా పోలేదు. లహరిని చూసి "మీరు బాగున్నరా?" అన్నాడు. ఏడాదిగా 'నువ్వన్నది తప్పు' అని రాసుకున్నవాళ్లు 'మీరు' అంటే 'మీరు' అనుకుంటూ నేల చూశారు.

ఆడవాళ్లకు ముందు కుర్చీలు వేశారు. నన్ను పెద్దవాడినని వెనక గోడకు ఆనుకొని ఉన్న మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. అందరి ముందరా ప్లేట్లు పెట్టారు. వేడివేడి మక్క గారెలు, మొక్కజొన్నవి. పక్కన నెయ్యి కారుతున్న భక్ష్యాలు, అవే బొబ్బట్లు. పద్మ వెనక్కి తిరిగి నన్ను ఒక చూపు చూసింది.

నేను చేతులు కట్టుకొని కూర్చున్నాను. మూలన, గోడకు ఆనుకొని, ముందర నిండు ప్లేటు పెట్టుకొని, ఎవరితో మాట్లాడకుండా. అప్పుడు నాకు నా జాతి ఏదో తెలిసింది.

'మీరు' ఎంతోసేపు నిలవలేదు. నరేశ్ పెద్ద టీవీలో ఆ సీను పెట్టాడు.

"సీను మొదట్ల సూడుండ్రి, ప్లేటు మీద కుప్ప మెడ దాంక ఉంది. ఆఖర్ల సూడుండ్రి. సగం."

"రెండు వేరే దినాలు తీసిండ్రు. ప్లేటు మారింది," అన్నది లహరి.

"మారితే మళ్ల నిండుగ పెట్టాలె గదా?"

"నోరు చూపియ్యి. నోరు లేనోళ్లు ఎట్ల తింటరు?"

"మెడ కింద ఉంది సూడు!"

"అది మడత!"

అందరూ టీవీ మీదికి వంగారు. పద్మ కూడా లేచి పోయి మెడ కింద వెతుకుతోంది. సత్తవ్వ బొమ్మను చూసి, "నాలుగు చేతులు! నాకుంటే దినాం రెండు చేటలు చుడుదును," అన్నది.

నేను ఆ సమయంలో కళ్లు మూసుకొని దైవధ్యానం చేస్తున్నాను.

కాదు. గారె వేడిగా ఉందో లేదో వేలితో తాకాను. తాకితే అంచు విరిగింది. విరిగినది ప్లేట్లో ఉంటే బాగుండదని నోట్లో వేసుకున్నాను. ఒక అంచు తిన్న గారెను అట్లా వదిలేస్తే కొరికినట్టు కనబడుతుంది కదా, అందుకని మిగతాది కూడా. కారం అయింది. కారానికి భక్ష్యం. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు.

గుర్తుంది. అంతా తిన్నాను.

టీవీ ముందు గొంతులు పెరిగాయి. "నేను ఏడాది సంది చెప్తున్న," అన్నాడు నరేశ్.

"ఔ, ఏడాది సంది చెప్తనే ఉన్నవ్," అన్నది లహరి. "ఒక్కనాడన్న విన్నవా?"

వాడు సీనును మళ్లీ మొదటికి తిప్పాడు. లహరి భుజానికి బ్యాగు సర్దుకుంది. ఆ పిల్ల సంగతి నాకు తెలుసు, బ్యాగు సర్దిందంటే బస్సెక్కినట్టే.

సరిగ్గా అప్పుడే సత్తవ్వ వెనక్కి తిరిగి నా ప్లేటు చూసింది.

"ఓ వదినె! బాపు నోరు తీపి చేసుకున్నడు!" అని కేక. "భక్ష్యం తిన్నడు! ఖాయమైంది, ఖాయమైంది!" గూట్లోంచి కుంకుమ భరిణె అందుకుంది. అది పిల్ల నుదుటికి అంటితే ఊరంతా తెలిసినట్టే, ఇక వెనక్కి పోవడమంటే రెండు ఇండ్లకూ తలవంపులే. పద్మ నా దిక్కు చూసిన చూపుకు నేను కుర్చీలో ఇంకా మూలకు జరిగాను. లహరి మొహం తెల్లబోయింది. ఆ పిల్ల కళ్లతో చూసి తేల్చుకుందామని వచ్చినదాన్ని నేను రెండు నిమిషాల్లో మింగేశాను.

నరేశ్ ఖాళీ ప్లేటు చూశాడు. నన్ను చూశాడు. మూలన కూర్చున్నవాడు, ఎవరూ చూడనప్పుడు తిన్నాడు! ఏడాదిగా వాడు వెతుకుతున్న రుజువు మీసాలతో సహా ఎదురుగా కూర్చొని ఉంది. ఆ సంగతి వాడికి తట్టింది. లహరికీ తట్టింది, ఇక వాడు ఏమంటాడో తెలిసినదానిలా పెదవి బిగబట్టింది. పైగా సంబంధం కూడా చేతికి వచ్చి పడింది.

వాడు నోరు తెరిచాడు.

"అమ్మా, ఆ ప్లేటు నేను తిన్న."

"నువ్వా? టీవీ ముంగట ఉంటివి గదరా!"

"నడిమిట్ల పోయి తిన్న. ఆకలైంది. తాత ఏం ముట్టలే." చేయి చాచి తల్లి చేతిలోని భరిణె మూత మూశాడు. "ఇంక ఏం ఖాయం కాలే. ఆమె చెప్పాలె."

ఇంటికి వచ్చాక అరుగు మీద అందరికీ చెప్పాను: పిల్లవాణ్ని పరీక్ష పెట్టడానికే నేను కావాలని తిన్నాను, అది నా ఎత్తు అని. అందరూ మెచ్చుకున్నారు. మీతో మాత్రం చెప్తున్నాను, ఎత్తూ లేదు, పరీక్షా లేదు. నాకు ఆకలైంది. ఇంకా సిగ్గుచేటు ఏమంటే, వాడు అంత మాట అన్నాక నేను లేచి నిజం ఒప్పుకోలేదు. "ఔనమ్మా, పిలగాడే తిన్నడు, నేను చూసిన," అన్నాను.

"తాతా," అన్నది లహరి, "మీసాలకు నెయ్యున్నది."

పద్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

లహరి నరేశ్ ముందుకు పోయి నిలబడింది. "గెలుద్దువు గదా. ఎందుకు ఊకున్నవ్?"

వాడు చేతిలోని రిమోట్‌ను అటూ ఇటూ తిప్పాడు. "గెలిస్తె నువ్వు బస్సెక్కుతవు."

"ఓడిపోయినా ఎక్కుదునేమో."

"ఎక్కితే ఎక్కుదువు," అన్నాడు వాడు. "కని తాత తిన్నదానికి నువ్వు ఈడ ఉండుడు మంచిగుండది."

లహరి వాడిని కొంచెంసేపు చూసింది, ఫోన్లో సీను ఆపి, పెద్దది చేసి చూసినట్టు. తర్వాత బ్యాగు తీసి కుర్చీకి తగిలించింది. ఆ కుర్చీని గది నడిమికి, అందరికీ కనబడేట్టు లాక్కుంది.

"ఆంటీ, నా ప్లేటు ఇటియ్యుండ్రి."

సత్తవ్వ ఇచ్చింది. లహరి భక్ష్యం తుంచి, నరేశ్ కళ్లలోకే చూస్తూ నమిలింది. వాడు ఏదో అనబోయాడు. లహరి వేలెత్తింది.

"గిది నీకు ప్రూఫ్ కాదు. నేను మనిషిని. ఆకలై తింటున్న."

"మరి వాళ్లెవలు?" అన్నాడు వాడు, టీవీ వైపు చూపించి.

"తెల్వదు. ముసలోళ్లమయ్యేదాంక కొట్లాడుదాం."

సత్తవ్వకు ఈ మాటల్లో ఔను ఎక్కడుందో, కాదు ఎక్కడుందో దొరకలేదు. భరిణె పట్టుకొని నా దిక్కు తిరిగింది. "బాపు, గిప్పుడు పెట్టాల్నా, ఆగాల్నా?"

నేను చెప్పేలోపే లహరి, నోటినిండా భక్ష్యంతో, నుదుటి మీది వెంట్రుకలు పక్కకు జరుపుకుంది.